తడి తువ్వాలు

నాకు కోపమెక్కువని టాటానగర్ భాలుబాసాలో మా వీధి వీధంతా సెప్తాది. ఎక్కువే, కాదన్ను. కానీ మూడేళ్లపాటు ఆ కోపం పడాల్సినోడి మీద పడలేదు. నా మీద నాకే పడింది. నన్ను నానే తిట్టుకున్నాను, నన్ను నానే కొట్టుకున్నాను. ఎందుకో సెప్తాను, ఇనండి.

నా పేరు అసిరమ్మ. మాది బారువ, సముద్రం ఒడ్డు. నా పెనిమిటి తవిటయ్య పెళ్లైన నెలకే నన్ను ఈ టాటానగర్ తెచ్చీసినాడు. ఊరి సివర ఒక ఇనప కార్ఖానాలో ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, కింద పని. ఆ కార్ఖానా పేరు నాను సెప్పను, మీరూ అడగొద్దు. మాకు ఇద్దరు పిల్లలు. కొడుకు హరికిరణ్‌కి ఇరవై రెండు, కూతురు ఉమకి పదిహేడు. నాను తెలుగులో తిడితే ఇద్దరూ హిందీలో జవాబు సెప్తారు.

ఆ కార్ఖానాలో ఫర్నేసు నుంచి గ్యాసు ఇంత లావు పైపులో వత్తాది. పైపు కింద ఒక గొయ్యి. పైపులో పేరుకున్న బురదా, నీళ్లూ అందులోకి దిగుతాయి. దాన్ని మావోళ్లు పిట్టు అంటారు. మూడు నెల్లకోసారి మనిషి దిగి ఆ బురద తోడాలి. దిగే ముందే కాదు, ఆ పైపుల కాడ రోజూ ఏ పని సేసినా ముక్కూ నోరూ మూసీలాగ తడి తువ్వాలు కట్టుకోవాలి. పైకొచ్చినాక బెల్లం ముక్క తినాలి. తువ్వాలు గ్యాసుని ఆపుతాదంట, సందుల్లోంచి ఎల్లిందేదైనా ఉంటే బెల్లం కడిగేత్తాదంట. అక్కడ పెద్దా సిన్నా అందరికీ తెలిసిన ఇద్య ఇదే. దీనికి గురువు సూర్యప్రకాష్.

సూర్యప్రకాష్ అంటే సూపర్‌వైజరు. మా పక్కోడే, సోంపేట. నా పెనిమిటిని అన్నా అనీవోడు, నన్ను ఒదినా అనీవోడు. నా సేతి కూర ఎన్నిసార్లు తిన్నాడో లెక్క లేదు.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో మా అక్క కొడుకు పెళ్లి. రెండ్రోజులు సెలవెట్టి బారువ ఎల్దామన్నాడు మా ఆయన. నాను సంబరంగా బట్టలు సర్దీసినాను. తీరా రేపు బయల్దేరతామనగా, పిట్టు పని పడింది, ఎల్లలేమన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజూ పొద్దున్నే ఆయన తువ్వాలు బకెట్లో నానబెట్టి, పిండి, సంచిలో పెట్టీది నానే. ఆ రోజు పొడి తువ్వాలు మొహాన ఇసిరీసి, "నీ తువ్వాలు నువ్వే తడుపుకో, నానేటి నీ పనిమనిషినా" అన్నాను. ఆయన తువ్వాలు భుజానేసుకుని సైకిలెక్కి ఎల్లిపోనాడు.

మజ్జాన్నం ఫోనొచ్చింది. పిట్టులోంచి తీసి నర్సింగ్‌హోముకి తెచ్చినాం, రమ్మన్నారు. నానెల్లేసరికి అయిపోనాది. కాగితం మీద గుండె ఆగిందని రాసిచ్చినారు. పదోరోజున సూర్యప్రకాష్ మా వాకిట్లో కూకుని, సుట్టాలందరూ ఇంటుండగా, తల దించుకుని అన్నాడు.

"సెప్పకూడదు గానీ ఒదినా, అన్న తువ్వాలు పొడిగా ఉన్నాది. తడిగా ఉంటే బతికీవోడు."

ఓలమ్మో! ఆ మాటతో నాను బతికుండగానే సచ్చిపోనాను. మా అత్త నన్ను సూసిన సూపు ఇప్పటికీ నా ఈపు మీద ఉన్నాది. ఆవిడ మళ్లీ నా సేతి నీళ్లు ముట్టలేదు.

నెల తిరక్కుండా సూర్యప్రకాషే నాకు అదే షెడ్డులో పని ఇప్పించినాడు. ఏటి పనీ? పొద్దున్నే పన్నెండు మంది తువ్వాళ్లు తడిపి, పిండి, ఒక్కొక్కడి సేతికీ ఇవ్వడం. బెల్లం కొట్టి పంచడం. షెడ్డు ఊడవడం. "ఒదిన సేతి మీదుగా ఎల్లిన తువ్వాలు ఇంకెప్పుడూ పొడిగా ఉండదు" అని అందరి ముందూ అన్నాడు. అది దయ అనుకున్నాను నాను. వోడికి రెండు సేతులూ ఎత్తి దండం పెట్టినాను. ఆ దండం గుర్తొచ్చినప్పుడల్లా నా సేతులు నాకే అసయ్యం వేత్తాయి.

అలాగ మూడేళ్లు తడిపినాను. సలికాలంలో సేతి ఏళ్లు కొంకర్లు పోనా తడిపినాను, జొరం వచ్చినా తడిపినాను. ఒక్కో తువ్వాలు పిండినప్పుడు "నీ పెనిమిటిది తడపలేదు, ఇదైనా తడుపు" అని నన్ను నాను తిట్టుకునీదాన్ని. అందరూ "దీదీ, లావ్" అని నవ్వుతా తీసుకునీవోరు. చినబాబు ఒక్కడే తలెత్తేవోడు కాడు. చినబాబంటే పాత మేస్త్రీ, మా ఆయన్ని పిట్టులోంచి పైకి లాగినోడు. పాపం, నన్ను సూత్తే ఆ రోజు గుర్తొత్తాదేమోననుకున్నాను.

ఇలాగుండగా, మొన్న జేష్ఠంలో, హరికిరణ్‌ని కూడా ఆ ముఠాలోనే పెట్టినాడు సూర్యప్రకాష్. రెండు నెల్లు పైపని సేసినాడు. సోమారం నాడు మొదటిసారి పిట్టులోకి దిగాల.

ఆదారం సాయంత్రం పిల్లోడికి ఇష్టమని ఎండు నెత్తళ్లు ఏపుతున్నాను. మా వీధిలో ఎండుసేపలు వండడమంటే యుద్దమే. ఎదురింట్లో మిశ్రాయన ఉల్లిపాయ కూడా తినడు. అందుకని ఈ వీధిలో మనోళ్లందరికీ ఒక అలవాటు. సేపలు పొయ్యెక్కించే ముందు ఒక దుప్పటి బాగా తడిపి వంటింటి కిటికీకి అడ్డంగా కట్టెయ్యడం. వాసన దుప్పటి దాటదని. నాకు మా ఆడపడుచు నేర్పింది, ఆవిడికి వాళ్లత్త నేర్పింది. నానూ కట్టినాను. నెత్తళ్లు ఇలా ఎర్రబడ్డాయో లేదో, ఎదురింటి అరుగు మీంచి మిశ్రాయన గొంతు.

"క్యా ఆంటీ, ఆజ్ ఫిర్ సూఖీ మఛ్లీ?"

మళ్లీ ఎండుసేపలేనా అని ఎత్తిపొడుపు. "నీ ముక్కు తగలెయ్య" అని నాను నోట్లో గొణుక్కున్నాను. ఉమ పుస్తకం ముందేసుకుని కూకుంది, పరీక్షలు దానికి. అది పకపకా నవ్వింది.

"అమ్మా, గీలా చాదర్ సే కుఛ్ నహీ హోతా. నువ్వు ఎన్నేళ్లు కట్టినా ఆయనకి వాసన ఎల్తాది."

"నోరుమూసుకుని సదువుకో గుంటా" అని, అన్నం దించీసి, బకెట్లో నీళ్లు పట్టి, హరికిరణ్ కొత్త తువ్వాలు అందులో ముంచినాను. తెల్లారేసరికి బాగా నానాల. నాను రోజూ ఎల్లీ షెడ్డులో బకెట్టుంది గానీ, నా కొడుకుది నా ఇంట్లోంచే తడిగా ఎల్లాల. పిట్టులోకి మొదటి దినం గదా.

"అదెందుకు నానబెట్టావ్?" అన్నాది ఉమ.

సెప్పినాను. గ్యాసు, తడి, బెల్లం అన్నీ సెప్పినాను. ఉమ నవ్వు ఆగిపోనాది. నాను రోజూ షెడ్డుకెల్లి తువ్వాళ్లు తడుపుతానని దానికి తెలుసు. ఎందుకో ఎప్పుడూ సెప్పలేదు నాను. దుమ్ము కోసమనుకుందంట. నాన్న తువ్వాలు సంగతి మాత్రం పదోరోజున అదీ ఇన్నాది. పద్నాలుగేళ్ల పిల్ల అప్పుడు.

"కిస్‌నే బోలా?" అని అరిసినాది. "గ్యాసుని తడి గుడ్డ ఆపుతాదని ఎవడు సెప్పినాడు నీకు?"

"సూర్యప్రకాష్ బాబు."

అది పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. సగం హిందీ, సగం తెలుగు, మద్దెలో ఇంగిలీషు. నాకర్థమైంది నాకొచ్చినట్టు సెప్తాను. గ్యాసు ఎక్కడ ఎక్కువుంటే అక్కణ్నుంచి తక్కువున్న సోటికి దానంతటదే ఎల్తాదంట. ఎవులూ తొయ్యక్కర్లేదు, గాలి కూడా కొట్టక్కర్లేదు. మన ఊపిరితిత్తుల లోపల కూడా తడేనంట. ఉల్లిపొర కంటే పల్చటి పొర, తడితడిగా ఉంటాది, దాని అవతల నెత్తురు. ఆక్సిజను ముందు ఆ తడిలో కరిగి, అప్పుడు నెత్తుట్లోకి దిగుతాదంట.

"తడి లేకపోతే అసలు ఊపిరే లేదమ్మా" అన్నాది. "సేప నీళ్లలో ఎలా బతుకుతాది మరి? మొప్పలు ఎర్రగా ఎందుకుంటాయి?"

మొప్పల సంగతి నాకు సెప్పాలేటి! బారువలో పుట్టినదాన్ని. మొప్ప ఎత్తి సూసి ఏ పూట సేపో సెప్పీగల్ను. ఆ ఎరుపంతా పల్చటి పొర ఎనకాల నెత్తురేనంట. సముద్రం మీది గాలి నీళ్లలోకి దిగి, నీళ్లలోంచి మొప్పలోకి దిగుతాదంట. సేప వదిలిన సెడ్డ గాలి నీళ్లలోకొచ్చి, మళ్లీ పైకెల్తాదంట. అంత సముద్రమూ పైనున్న తడి సర్మంతోనే గాలి తీసుకుంటాది, ఇడిసిపెడతాది. మా కార్ఖానా గొట్టంలోంచి ఎల్లిన పొగలో కొంత మా బారువ సముద్రంలోకే దిగుతాదని అది సెప్తే నాను నోరెళ్లబెట్టినాను.

"అంత సముద్రం ఆపలేదు గాలిని. నీ తువ్వాలు ఆపుతాదా?" అన్నాది.

"దుమ్ముని ఆపుతాది గదే."

"దుమ్ముని ఆపుతాది. దుమ్ము పెద్దది. గ్యాసు ఆగదు. ఎండుసేప వాసన కూడా గ్యాసే. అది నీళ్లలో బాగా కరుగుతాది, అయినా సగం నీ దుప్పటి దాటి మిశ్రా అంకుల్ ముక్కులోకి ఎల్లింది. మీ పిట్టులో ఉన్నది కార్బన్ మోనాక్సైడ్. అది నీళ్లలో కరగనే కరగదన్నట్టు లెక్క. తువ్వాలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తడిపినా ఒకటే, తడపకపోయినా ఒకటే!"

తడపకపోయినా ఒకటే. పొయ్యి మీద నెత్తళ్లు మాడిపోతన్నాయి, లేసి ఆపాలన్న ద్యాస కూడా లేదు. ఉమే ఆపింది.

తర్వాత అది పుస్తకంలో ఇంకో పేజీ తిప్పింది. ఆ గ్యాసుకి వాసనుండదు, రంగుండదు. నెత్తుట్లోకి దిగినాక, రైల్లో జనరల్ డబ్బాలో ముందెక్కినోడు సీటు మీద గుడ్డేసి పట్టేసుకున్నట్టు, ఆక్సిజను సీట్లన్నీ అదే పట్టీసుకుంటాది. లెమ్మన్నా లెగదు. రెండొందల రెట్లు గట్టిగా కూకుంటాదంట. అలా పోనోళ్ల నెత్తురు ఎర్రగా... అని సదువుతున్నది సదువుతున్నట్టే ఆగిపోనాది.

"ఏటే? సదువు."

"అమ్మా. నాన్న మొహం."

మా ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టినప్పుడు పెదాలు తాంబూలం ఏసుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. బుగ్గలు గులాబీ రంగు. వొచ్చినోళ్లందరూ "ఎంత కళగా ఉన్నాడో, నిద్రపోతున్నట్టు ఉన్నాడు, పుణ్యాత్ముడు" అన్నారు. నానూ అదే అనుకుని ఏడ్సినాను. సేప మొప్ప సూసి పూట సెప్పీదాన్ని, నా పెనిమిటి పెదాలు సూసి ఏటీ సెప్పలేకపోనాను! గుండె ఆగినోడి పెదాలు నల్లబడతాయి గానీ ఎర్రగా ఎందుకుంటాయని నాకు తోచలేదు. తోచాల్సిన నర్సింగ్‌హోము పెద్దమనుషులకి తోచింది. తోచే రాయలేదు.

అప్పుడు సూడండి నా కోపం! కాగితానికి గుండె అని సెప్పినారు, నాకు తువ్వాలని సెప్పినారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయని మూడేళ్లలో నాను ఒక్కసారైనా అడిగినానా? అడగలేదు. ఎందుకంటే నాను ఏడవడంలో ఉన్నాను. అలాగే ఏడుత్తూ ఉండాలనే సూర్యప్రకాష్ నాకు బకెట్ ఇచ్చినాడు. ఎల్లి కిటికీకున్న తడి దుప్పటి ఒక్క లాగు లాగినాను, మేకుతో సహా ఊడొచ్చింది. ఎదురింటి మిశ్రాయన భయపడి లోపలికి ఎల్లిపోనాడు.

అప్పుడే హరికిరణ్ వచ్చినాడు. జరిగింది సెప్పి, "రేపు నువ్వు దిగొద్దు" అన్నాను. వోడు సెల్లి ఏపు సూసి ముక్కు ఇరిసినాడు.

"అమ్మా, సబ్ ఉతర్తే హై. మై అకేలా మనా కరూఁ? బోలేంగే బాప్ జైసా డర్‌పోక్..."

అందరూ దిగుతుంటే వోడొక్కడే కాదంటే, బయానికి గుండె ఆగిన బాపు లాగే పిరికోడంటారంట. "మీ నాన్న పిరికోడేట్రా?" సెంప మీద ఒక్కటిచ్చినాను. ఇరవై రెండేళ్ల కొడుకుని కొట్టినాను, దాపరికమేటి. "గ్యాసు ఉందో లేదో సూసీ మిసను ఉంటాదంట. మీ సెల్లి సెప్పింది. మీ కాడ ఉందా?"

వోడు సెంప రుద్దుకుంటా అన్నాడు. "హై. మీటర్ హై. ఆల్మారీ మే బంద్ హై." పెద్ద సాబులు తనిఖీకొచ్చిన రోజు బైటికి తీసి బొత్తానికి తగిలించుకుంటారంట, వాళ్లెల్లిపోగానే మళ్లీ బీరువాలో ఎట్టి తాళం ఏసేత్తారంట. ఎందుకంటే అది అరిత్తే పని ఆపాల. పని ఆగితే ఠేకేదారు సూర్యప్రకాష్‌ని తిడతాడు.

మనిషి పోకుండా సూసీ మిసను బీరువాలో ఉన్నాది. నాను బకెట్ కాడ ఉన్నాను. మూడేళ్లు!

"సరే, ఎల్లు రేపు. నానూ వత్తాను" అన్నాను. హరికిరణ్ నెమ్మదించినాడు, అమ్మ సల్లబడిందనుకున్నాడు. పిచ్చోడు.

పొద్దున్నే మళ్లీ నెత్తళ్లు ఏపినాను. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఏసి, ఇస్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, సంచిలో ఏసుకున్నాను. కొడుకు తువ్వాలు బకెట్లోంచి తీసి, పిండి, పెరట్లో ఆరేసినాను. వోడు నా ఎనకాలే నడిసినాడు.

షెడ్డులో ఏడున్నరకి అందరూ వరసగా నిలబడాల. సూర్యప్రకాష్ టోపీ పెట్టుకుని రోజూ సెప్పీది సెప్తాడు. ఆ రోజూ సెప్పి, "సబ్ కా గమ్ఛా గీలా హై?" అన్నాడు. తువ్వాళ్లన్నీ తడిగా ఉన్నాయా అని. అందరి సేతుల్లోనూ పొడి తువ్వాళ్లే. నా బకెట్ బోర్లించి ఉన్నాది.

"ఏటొదినా ఇది?" అన్నాడు.

"ఈ రోజు తడపలేదు బాబూ."

వోడి మొహం మారిపోనాది. "ఒకసారి జరిగింది సాల్లేదేటి నీకు? నీ కొడుకు దిగే రోజునా ఈ ఎదవ పని?" అని పదిమందిలో గట్టిగా అరిసినాడు. అదే మాట మొన్న అనుంటే నాను అక్కడే కూలబడి ఏడ్సీదాన్ని.

"తడుపుతాను. ముందు నువ్వొకటి కట్టుకో" అన్నాను. కుళాయి కాడికెల్లి ఒక తువ్వాలు బాగా ముంచి, పిండి, వోడి సేతికిచ్చినాను. "అందరికీ సూపించు, ఎలా కట్టుకోవాలో. కొత్త పిల్లోడున్నాడు గదా."

నలుగురిలో కాదంటే బాగోదని కట్టుకున్నాడు. ముక్కు, నోరు, మెడ దాకా బిగించి కట్టి, నీళ్లు కారుతుంటే కళ్లతో నవ్వినాడు. నాను ఎనక్కి తిరిగి, సంచిలో సెయ్యెట్టి, సంచిలోనే డబ్బా మూత తీసినాను. వోడికి కనపళ్లేదు.

"బాబూ, నాను ఈ రోజు ఏటి తెచ్చినానో సెప్పు సూద్దాం."

సోంపేటోడు గదా. సముద్రం గాలికి పెరిగినోడు. ఆలోసించలేదు, ఠక్కున తువ్వాలు లోంచే అనీసినాడు.

"నెత్తళ్లు! ఉల్లిపాయ ఏసి ఏపినావ్ ఒదినా."

పన్నెండు మందీ గొల్లుమన్నారు. వోడూ నవ్వినాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే నాను సంచిలోంచి డబ్బా బైటికి తీసి వోడి మొహం ముందు పెట్టినాను.

"తువ్వాలు ఉన్నాది గదా! తడి గదా! మరి నెత్తళ్లు నీ ముక్కులోకెలా ఎల్లినాయి?"

నవ్వులు ఆగిపోనాయి. నాను ఆపలేదు. "ఎండుసేప వాసన్నే ఆపలేంది, వాసనే లేని గ్యాసుని ఆపుతాదేట్రా? మూడేళ్లు నా సేత తడిపించినావు గదరా ఈ గుడ్డలు, నీ జిమ్మడిపోను!" వాళ్లలో సగం మందికి తెలుగు రాదు. హిందీలో మళ్లీ సెప్పినాను. నాకొచ్చిన వంకర హిందీలోనే. ఒక్కడికి కూడా అర్థం కాకుండా పోలేదు.

"వాసన ఏరు, గ్యాసు ఏరు ఒదినా" అని తువ్వాలు కిందకి లాగబోనాడు.

"తియ్యకు! బాగా కట్టుకున్నావు, అలాగే ఉంచుకో. పద, ఇప్పుడే పిట్టులోకి నువ్వు దిగు. నువ్వు బురద తోడి పైకొత్తే నా కొడుకు కూడా దిగుతాడు. బెల్లం నానే పెడతాను నీ నోట్లో."

వోడు కదల్లేదు. ఒక్క అడుగు కూడా ఎయ్యలేదు. పన్నెండు మంది వోడి కాళ్లకేసే సూసినారు. ఆ కాళ్లు సెప్పీసినాయి, వోడికి ముందు నుంచీ తెలుసని.

హరికిరణ్ ముందుకొచ్చినాడు. ఆ షెడ్డులో సేరిన కాడ్నించి వోడు తెలుగు మాట్లాడ్డం ఎవులూ ఇనలేదు. "సూర్యప్రకాష్ సిన్నాన్నా, బీరువా తాళం ఇయ్యి" అన్నాడు. ఎవులో ఒకడు కాదు, అందరూ దగ్గరకొచ్చీసినారు. తాళం ఇచ్చినాడు.

మీటరు సబ్బుబిళ్లంత ఉన్నాది, అంతే. హరికిరణ్ దానికి తాడు కట్టి, అందర్నీ పిట్టు కాడికి తీసుకెల్లినాడు. పిట్టు మూత అప్పటికే తీసున్నాది, ముందు రోజే గాలి ఆడాలని తీసి వదిలేసినారంట. మమ్మల్ని గాలొచ్చీ పక్క దూరంగా నిలబెట్టి, బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి తాడు దింపినాడు. మనిషి నిలువు కూడా దిగలేదు. అది అరవడం మొదలెట్టింది. అలా ఇలా కాదు, సెవులు సిల్లులు పడీలాగ, ఎర్ర దీపం ఎలిగి ఆరి ఎలిగి ఆరి. హరికిరణ్ లేసి ఎనక్కి పరిగెత్తుకొచ్చి, నన్ను పట్టుకున్నాడు. కాసేపట్లో ఆ గోతిలోకి దిగాల్సినోడు వోడే.

నాను సూర్యప్రకాష్ ఏపు తిరిగినాను. "ఇప్పుడు సెప్పు. పదోరోజున మా వాకిట్లో సెప్పిన మాట ఈళ్లందరి ముందూ మళ్లీ సెప్పు. తడిగా ఉంటే బతికీవోడని సెప్పు."

ఎనకనుంచి ఏడుపు ఇనిపించింది. తిరిగి సూత్తే చినబాబు. తలకున్న టోపీ తీసి సేత్తో పట్టుకుని, నన్ను తిన్నగా సూత్తున్నాడు. మూడేళ్లలో మొదటిసారి.

"అక్కా" అన్నాడు. "తవిటన్న మొహం మీద తువ్వాలు ఇప్పింది నానే. నీళ్లు కారతా ఉన్నాది. కుళాయి కాడ ఆయనే తడుపుకున్నాడు, నాను పక్కనే ఉన్నాను. 'మీ అక్కకి కోపమొచ్చింది రా, సాయంత్రం జిలేబీ పట్టికెల్లాల' అన్నాడు. సెప్తే పని తీసేత్తానన్నాడీయన. నా పిల్లలు సిన్నోళ్లక్కా."

నాను చినబాబుని కొట్టలేదు, తిట్టలేదు. మూడేళ్లు రోజూ పొద్దున్నే ఈ సేతుల్లోంచి తడి తువ్వాలు తీసుకున్నాడు, తీసుకుని మొహానికి కట్టుకున్నాడు. తడి తువ్వాలుతో మనిషి పోవడం కళ్లారా సూసినోడు.

మా ఆయన నాను ఇసిరేసిన తువ్వాలు తడుపుకున్నాడు. బిగించి కట్టుకున్నాడు. నా మీద కోపమే లేదు ఆయనకి, జిలేబీ కూడా తేవాలనుకున్నాడు. సెప్పినట్టే అంతా సేసి దిగినాడు.

పిట్టులో మీటరు అరుస్తూనే ఉన్నాది. దాన్ని ఆపమని సూర్యప్రకాష్ సెయ్యి ఊపినాడు. ఎవులూ కదల్లేదు.